ర్యాంచ్ పొడికి పోపు ఎందుకు పనికిరాదు

అమెరికా సూపర్‌మార్కెట్లలో సలాడ్ డ్రెస్సింగ్ సీసాలు పేర్చిన అరల దగ్గరే చిన్న పొట్లాల్లో ర్యాంచ్ పొడి దొరుకుతుంది. మజ్జిగ, వెల్లుల్లి, ఎండు ఆకుల రుచితో సలాడ్ మీద పోసుకునే ర్యాంచ్ అనే డ్రెస్సింగ్‌కు ఇది పొడి రూపం. పొట్లం బరువు ఒక ఔన్సు, అంటే సుమారు 28 గ్రాములు. కొలిస్తే దాదాపు మూడు టేబుల్ స్పూన్లు. మయొనీజ్‌లోనూ పాలలోనూ కలిపి డ్రెస్సింగ్ చేసుకోవడం దాని అసలు ఉపయోగం. కానీ ఇప్పుడు దాన్ని కోడిమాంసానికి పట్టించేవారు, బంగాళాదుంపలపై చల్లేవారు, పాప్‌కార్న్‌లో కలిపేవారు, గంటల తరబడి ఉడికే గొడ్డుమాంసం కుండలో వేసేవారు అక్కడ కోకొల్లలు. ఆ దేశంలో స్థిరపడిన తెలుగు కుటుంబాల వంటగదుల్లోకి కూడా అది ఈ దారిలోనే వచ్చింది. వచ్చాక చాలాచోట్ల అది గరం మసాలా డబ్బా పక్కన చేరి, గరం మసాలాకు జరిగే మర్యాదలే పొందుతోంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే మసాలా పొడికీ ర్యాంచ్ పొడికీ పైకి కనిపించే పోలికే తప్ప లోపలి నిర్మాణంలో పొంతన లేదు.

పొట్లం వెనుక ముద్రించిన పదార్థాల జాబితాను వరుసగా చదివితే ఈ సంగతి తేటపడుతుంది. బరువులో ఎక్కువ ఉన్న పదార్థం ముందు, తక్కువ ఉన్నది తరువాత రావాలన్నది ఆ జాబితాలకు ఉన్న నియమం. ర్యాంచ్ పొడి విషయంలో ముందు వరుసలో కనిపించేవి మాల్టోడెక్స్‌ట్రిన్, మజ్జిగ పొడి, ఉప్పు, మోనోసోడియం గ్లూటమేట్. వీటి తరువాతనే ఎండు వెల్లుల్లి, ఎండు ఉల్లి వస్తాయి. పులుపు కోసం లాక్టిక్ ఆమ్లమో సిట్రిక్ ఆమ్లమో, చిక్కదనం కోసం జాంతన్ గమ్, గ్వార్ గమ్ వంటి జిగురు పదార్థాలు కూడా ఉంటాయి. చూడగానే కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపించే ఆకుపచ్చ రేకులు, అంటే పార్స్‌లీ, డిల్ వంటి ఎండు ఆకులు, బరువులో చాలా స్వల్పం. కంపెనీని బట్టి వరుస కొంత మారవచ్చుగాని మొత్తం స్వరూపం ఇదే. మాల్టోడెక్స్‌ట్రిన్ అనేది పిండిపదార్థాన్ని విడగొట్టి తయారుచేసే తెల్లని పొడి. దానికి చెప్పుకోదగ్గ రుచి లేదు, మిగతా వాటిని సమంగా పరచి మోయడమే దాని పని. అంటే ఈ పొట్లంలో ఉన్నది సుగంధ ద్రవ్యాల మిశ్రమం అనడం కంటే నీళ్లూ కొవ్వూ తీసేసిన సాస్ అనడం సరైనది. తీసేసిన ఆ రెంటినీ తిరిగి ఇస్తే అది బాగా పనిచేస్తుంది, ఇవ్వకపోతే మొరాయిస్తుంది.

ఇలా తయారుకావడానికి దాని పుట్టుకే కారణం. నెబ్రాస్కాలో పుట్టిన స్టీవ్ హెన్సన్ అలాస్కాలో ప్లంబింగ్ కాంట్రాక్టరుగా పనిచేసిన రోజుల్లో పనివాళ్లకు తానే వండిపెడుతూ ఈ డ్రెస్సింగ్‌ను రూపొందించాడు. 1954లో ఆయన, ఆయన భార్య గేల్ కలిసి కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా దగ్గర శాన్ మార్కోస్ కనుమలో ఒక పశువుల క్షేత్రం కొని, దానికి హిడెన్ వ్యాలీ ర్యాంచ్ అని పేరు పెట్టి, అతిథులకు బస, భోజనం ఏర్పాటు చేశారు. భోజనంలో వడ్డించిన డ్రెస్సింగ్ అతిథులకు నచ్చి ఇంటికి పట్టుకెళ్తామని అడగడం మొదలుపెట్టారు. మజ్జిగ, మయొనీజ్ కలిసిన ద్రవాన్ని దూర ప్రాంతాలకు తపాలాలో పంపడం జరిగే పని కాదు. అందుకని పొడి భాగాన్ని మాత్రం పొట్లాలుగా కట్టి పంపి, మజ్జిగా మయొనీజూ కొన్నవాళ్లే కలుపుకునేట్టు ఏర్పాటు చేశారు. బట్టల మరకలు పోగొట్టే బ్లీచ్‌కు పేరుపడ్డ క్లోరాక్స్ కంపెనీ 1972లో ఆ వ్యాపారాన్ని 80 లక్షల డాలర్లకు కొనుక్కుంది.

వంట దృష్టితో చూస్తే ఆ తరువాత జరిగిన ఒక మార్పు ఈ అమ్మకం కంటే ముఖ్యమైనది. మొదట్లో పొడికి మజ్జిగ తప్పనిసరి. మజ్జిగ కొని తేవడం అమెరికా గృహిణులకు అదనపు శ్రమ, అదనపు ఖర్చు అని గ్రహించిన కంపెనీ, మజ్జిగ రుచిని పొడిలోనే ఇమిడ్చి, మామూలు పాలు పోస్తే సరిపోయేట్టు పాకాన్ని సవరించింది. ఆ సవరణతో పొడికి స్వతంత్రం వచ్చింది. పులుపు, ఉప్పు, కమ్మదనం, వెల్లుల్లి ఘాటు అన్నీ పొడిలోనే చేరడంతో డ్రెస్సింగ్ జోలికి పోకుండానే దాన్ని దేనిమీదైనా చల్లుకోవచ్చునన్న ఆలోచనకు దారి ఏర్పడింది. 1983లో పాడవకుండా నిలవుండే సీసా డ్రెస్సింగ్ వచ్చాక పొడి అవసరం తీరిపోవాల్సింది. అలా జరగలేదు. డోరిటోస్ వారు 1986లో కూల్ ర్యాంచ్ రకం మొక్కజొన్న చిప్స్ విడుదల చేయడంతో ర్యాంచ్ అనేది సలాడ్ గిన్నె దాటి ఒక రుచి పేరుగా స్థిరపడింది.

ఇక పొయ్యి దగ్గరకు వస్తే, ర్యాంచ్ పొడి ప్రవర్తన నీరు, కొవ్వు, సెగ అనే మూడింటి మీద ఆధారపడి ఉంటుంది. వీటిలో మన వంటవారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది సెగ కనుక దాని సంగతి ముందు చూడాలి.

తెలుగు వంటలో పొడులకు రెండు మార్గాలున్నాయి. ఒకటి నూనెలో వేయించడం. ధనియాలు, మిరియాలు, జీలకర్ర వంటివాటి సువాసనలు నూనెలో కరిగేవి కావడంతో వేడి నూనె వాటిని బయటకు లాగుతుంది. రెండోది వండడం అయ్యాక పైన చల్లడం. చేయి అలవాటు కొద్దీ మొదటి మార్గమే పట్టి, ఆవాలు చిటపటలాడుతున్న నూనెలో ర్యాంచ్ పొడి వేస్తే క్షణాల్లో గోధుమరంగు దాటి నల్లబడి చేదెక్కుతుంది. కారణం పాల పదార్థాలే. మజ్జిగ పొడిలో దాదాపు సగం లాక్టోజ్ అనే పాల చక్కెర, సుమారు మూడో వంతు ప్రొటీన్ ఉంటాయి. చక్కెరా ప్రొటీనూ కలిసి వేడికి గోధుమరంగు తిరిగే రసాయన చర్యనే మయార్ చర్య అంటారు. నీరు లేనిచోట, వేడి బాగా ఉన్నచోట అది వేగంగా సాగుతుంది. సన్నగా పొడి చేసిన ఎండు వెల్లుల్లి దానికి తోడవుతుంది. పచ్చి వెల్లుల్లి రెబ్బలోని తేమ దాన్ని కొంతసేపు కాపాడుతుందిగాని పొడికి ఆ రక్షణ లేదు. మజ్జిగ మిరపకాయలు వేయించిన అనుభవం ఉన్నవారికి ఇది కొత్త విషయం కాదు. పుల్లమజ్జిగలో ఊరి ఎండిన ఆ మిరపకాయలు మామూలు ఎండుమిరపకాయల కంటే తొందరగా రంగు తిరుగుతాయి, ఒక్క నిమిషం చూపు మరలితే మాడిపోతాయి. ర్యాంచ్ పొడి అంతకంటే సున్నితమైనది, ఎందుకంటే దానికి మిరపకాయ తోలు కూడా అడ్డం లేదు.

అమెరికాలో పార్టీలకు చేసే ఒక చిరుతిండిలో ఈ గుణాన్ని గుర్తించి నడుచుకున్న తీరు కనిపిస్తుంది. ఆయిస్టర్ క్రాకర్లు అనే చిన్న చిన్న ఉప్పు బిస్కెట్లకు నూనె, ర్యాంచ్ పొడి, ఎండు డిల్ పట్టించి ఓవెన్‌లో 250 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర, అంటే సుమారు 120 సెల్సియస్ వద్ద, పావుగంట నుంచి ఇరవై నిమిషాలు ఉంచుతారు. ఆ సెగ దేన్నీ వేయించదు. నూనెను బిస్కెట్‌లోకి ఇంకించి, పొడిని దానికి అంటిస్తుందంతే. బంగాళాదుంప ముక్కలను 220 సెల్సియస్ దగ్గర కాల్చేటప్పుడు పద్ధతి వేరుగా ఉండాలి. మొదటే పొడి పట్టించమని చెప్పే వంటకాలు చాలా ఉన్నాయి. ముక్కల నుంచి వచ్చే తేమ కొంతసేపు కాపాడడం వల్ల అవి పూర్తిగా చెడిపోవుగాని, అంచుల్లో వెల్లుల్లి నల్లబడి చేదు తగులుతుంది. నూనె, మిరియాల పొడితో ముక్కలను ముందు కాల్చి, చివరి ఐదు నిమిషాల్లో లేదా బయటికి తీసిన వెంటనే ర్యాంచ్ పొడి కలిపితే ఆ బాధ ఉండదు, ఎండు ఆకుల వాసన కూడా మిగులుతుంది. పార్స్‌లీ, డిల్‌ల పరిమళం త్వరగా ఆవిరయ్యే రకం. ఎక్కువసేపు కాలిన ర్యాంచ్ వంటకాల్లో ఉప్పు, వెల్లుల్లి తప్ప మరేమీ తెలియకపోవడానికి అదే కారణం. ఎయిర్ ఫ్రయర్‌లో ఇంకో సమస్య ఎదురవుతుంది. లోపల ఫ్యాను గాలి బలంగా వీస్తుంది గనుక నూనె తడి లేకుండా చల్లిన తేలికైన పొడి ముక్కలను వదిలి ఎగిరిపోతుంది.

నీటి విషయంలో రెండు పనులు జరుగుతాయి. జిగురు పదార్థాలు నీరు పీల్చుకుని ఉబ్బి చిక్కదనాన్నిస్తాయి. డ్రెస్సింగ్ కలిపాక అరగంట ఫ్రిజ్‌లో ఉంచమనడం అందుకే. నూనెలో అవి ఉబ్బవు, పలుకులుగా మిగిలిపోతాయి. రెండో పని వెల్లుల్లికి సంబంధించినది. పచ్చి వెల్లుల్లిని నలిపినప్పుడు ఘాటు పుట్టేది ఎలినేజ్ అనే ఎంజైము వల్ల. మెల్లని వేడిలో ఎండబెట్టిన వెల్లుల్లి పొడిలో ఆ ఎంజైము చాలావరకు నశించకుండా నిద్రాణంగా ఉంటుంది, నీరు తగలగానే పని మొదలుపెడుతుంది. పులుపు మరీ ఎక్కువైతే దాని పని కుంటుపడుతుంది, వేడి నూనె తగిలితే పూర్తిగా ఆగిపోతుంది. కనుక నిమ్మరసమో వెనిగరో పడే వంటకంలో పొడిని ముందు కొద్దిపాటి చల్లని నీళ్లలో కలిపి నాలుగైదు నిమిషాలు ఆగి, ఆ తరువాత మిగతావి చేర్చడం మేలు. ఈ చిన్న విరామం వల్ల వచ్చే తేడా నాలుకకు స్పష్టంగానే తెలుస్తుంది.

మన గడ్డ పెరుగుతో ర్యాంచ్ పొడికి కుదిరే స్నేహం ఈ కారణంగానే సహజమైనది. అమెరికాలో ముంచుకుని తినే డిప్ కోసం ఒక పొట్లాన్ని 16 ఔన్సుల సోర్ క్రీమ్‌లో కలుపుతారు. దాని బదులు గుడ్డలో వేలాడగట్టి నీరు పోగొట్టిన కమ్మటి పెరుగు రెండు కప్పులు తీసుకుంటే కొవ్వు తగ్గుతుంది, మయొనీజ్‌తో చేసే డ్రెస్సింగ్‌లోని గుడ్డు వద్దనుకునే ఇళ్లకూ ఈ డిప్ పనికొస్తుంది. పెరుగు మాత్రం ఆనాటిదై ఉండాలి. పొడిలో ఇప్పటికే లాక్టిక్ ఆమ్లం ఉండగా పెరుగు కూడా పులిస్తే పులుపు మీద పులుపు పడి, మిగతా రుచులన్నీ దాని కింద అణగిపోతాయి. పులిసిన పెరుగుకు మజ్జిగ పులుసు ఎలాగూ ఉంది.

కొవ్వు పాత్ర తేలిగ్గా అర్థమయ్యేది పాప్‌కార్న్‌లో. పొడి అంటుకోవాలంటే ఏదో ఒక కొవ్వు కావాలి, అమెరికా ఇళ్లలో అది కరిగించిన వెన్న. కానీ వెన్నలో 16 నుంచి 18 శాతం దాకా నీరు ఉంటుంది. ఆ నీటికి పేలాలు మెత్తబడతాయి, మాల్టోడెక్స్‌ట్రిన్ తడిసి పొడి ఉండలు కడుతుంది. నీరంతా ఇగిరిపోయే దాకా కాచిన నెయ్యితో ఆ రెండు చిక్కులూ ఉండవు. గోరువెచ్చని నెయ్యి పేలాలకు ముందు పట్టించి, ర్యాంచ్ పొడిని మిక్సీలో ఒక తిప్పు తిప్పి ఇంకా మెత్తగా చేసి చల్లితే అది ప్రతి గింజకూ సమంగా అంటుకుంటుంది. వేయించిన వేరుశనగలకు, మరమరాలకు, మఖానాకు కూడా ఇదే పద్ధతి.

అయితే ఈ పొడి సత్తా పూర్తిగా బయటపడిన వంటకం మిసిసిపీ రోస్ట్. 1990లలో మిసిసిపీ రాష్ట్రంలోని రిప్లీ పట్టణానికి చెందిన ఒక గృహిణి, తన బంధువు ఇటాలియన్ డ్రెస్సింగ్ పొడితో చేసే మాంసం వంటకాన్ని పిల్లలు తినగలిగేంత సౌమ్యంగా మార్చాలనుకుని, ఆ పొడి స్థానంలో ర్యాంచ్ పొడి వేసింది. వంటకం చేతులు మారుతూ దేశమంతా పాకి, చివరికి పెద్ద పత్రికల పాకశాస్త్ర పుటలకూ ఎక్కింది. దానికి కావలసినవి ఐదే: గొడ్డు భుజం మాంసపు పెద్ద ముక్క, ఒక ర్యాంచ్ పొట్లం, మాంసపు రసం రుచినిచ్చే ఓ జూ అనే మరో పొట్లం, ఒక కడ్డీ వెన్న, వెనిగర్‌లో ఊరిన కొన్ని పెపరొన్సీనీ మిరపకాయలు. నీళ్లు పోయరు. స్లో కుక్కర్‌లో సన్నని సెగ మీద ఎనిమిది గంటలు వదిలేస్తారు.

చూడ్డానికి బద్ధకస్తుల వంటలా కనిపించే ఈ పనిలో ప్రతిదీ ర్యాంచ్ పొడి స్వభావానికి అనుకూలంగా అమరింది. స్లో కుక్కర్‌లో వేడి నీటి మరుగు స్థానాన్ని దాటదు కనుక పాల చక్కెర మాడే ప్రసక్తి లేదు. నీళ్లు పోయకపోయినా మాంసం నుంచి ఊరే రసం జిగురు పదార్థాలకు సరిపోతుంది. వెన్న కొవ్వు వెల్లుల్లి, ఉల్లి రుచులను మోస్తుంది. భుజం మాంసంలోని గట్టి కొల్లాజెన్ ఆ దీర్ఘమైన సెగలో జెలటిన్‌గా కరిగి, పొడిలోని జిగురుతో కలిసి పులుసుకు బరువునిస్తుంది. అన్నిటికన్నా ఆసక్తికరమైనది గ్లూటమేట్ చేసే పని. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా కొంబు అనే సముద్రపు నాచు నుంచి వేరుచేసి ఉమామి అని పేరు పెట్టిన రుచికి మూలం గ్లూటమేటే. మాంసంలో సహజంగా ఉండే ఇనోసినేట్ దానికి జతపడితే ఆ రుచి రెండింటి మొత్తం కంటే అనేక రెట్లు పెరుగుతుంది. ఒకే ర్యాంచ్ పొడి దోసకాయ ముక్కల మీద సాదాగా, మాంసంలో మాత్రం గంభీరంగా తోచడానికి కారణం ఈ జోడీయే. వెనిగర్ మిరపకాయల పులుపు లేకపోతే ఇంత కొవ్వూ ఇంత ఉప్పూ నాలుకను మొద్దుబారుస్తాయి. ఆ నాలుగు కాయలు అలంకారానికి వేసినవి కావు.

గొడ్డుమాంసం తినని ఇళ్లలో ఇదే సూత్రం మేక భుజానికీ, ఎముకతో కూడిన కోడి తొడలకూ వర్తిస్తుంది. కోడికి ఎనిమిది గంటలు అక్కర్లేదు, నాలుగు గంటలు చాలు. ప్రెషర్ కుక్కర్‌లో చేసేవారు మాత్రం అడుగున ఒక కప్పు నీళ్లు తప్పక పోయాలి, పొడిని అడుగున కాక మాంసం పైభాగాన వేయాలి. లేకుంటే పాల పదార్థాలు అడుగంటి మాడు వాసన వంటకమంతా పాకుతుంది. శాకాహారుల విషయంలో గ్లూటమేట్‌కు జోడీగా పుట్టగొడుగులు సరిపోతాయి. వాటిలో, ముఖ్యంగా ఎండబెట్టిన షిటాకేలో, ఇనోసినేట్‌లాగే పనిచేసే గ్వానిలేట్ ఉంటుంది. టమాటా మరుగుతున్న గిన్నెలో పొడి వేయడం అంత మంచి ఆలోచన కాదు. ఆ పులుపుకూ వేడికీ పాల ప్రొటీన్ విరిగి, పులుసు గరుకుగా తయారవుతుంది. టమాటా తప్పనిసరి అనుకుంటే దించాక, సెగ తగ్గాక, కొద్దిగా క్రీమ్‌లో కలిపిన పొడిని చేర్చుకోవచ్చు.

గ్లూటమేట్ అనగానే మన దగ్గర అజినోమోటో పేరుతో ఉన్న భయం గుర్తుకు రావచ్చు. టమాటాలో, ముదిరిన చీజ్‌లో ఉండేదీ ఇదే పదార్థం. అమెరికా ఆహార, ఔషధ సంస్థ దాన్ని సాధారణంగా సురక్షితమైన పదార్థాల కోవలో ఉంచింది. నిజంగా లెక్క చూసుకోవలసింది ఉప్పును. వంటకంలో పొట్లం వేశాక అలవాటు కొద్దీ మళ్లీ ఉప్పు వేయడం, ఉప్పు కలిసిన వెన్న వాడడం, పైగా ఉప్పు దట్టంగా ఉన్న చీజ్ చల్లడం వల్ల ఒక్కో కంచంలోకి ఎంత ఉప్పు చేరుతున్నదో తెలియకుండా పోతుంది. పొట్లం మీద ముద్రించే సోడియం అంకె చెంచాలో కొద్ది భాగమే అయిన ఒక చిన్న వడ్డనకు సంబంధించినది కావడంతో నిరపాయంగా కనిపిస్తుంది. ఆ అంకెను పొట్లంలోని మొత్తం వడ్డనల సంఖ్యతో గుణించి, వచ్చినదాన్ని మళ్లీ రెండున్నరతో గుణిస్తే పొట్లం మొత్తంలోని ఉప్పు మిల్లీగ్రాముల్లో తెలుస్తుంది. అందులో కొంత భాగం గ్లూటమేట్ తెచ్చిన సోడియం అయినా రక్తపోటు ఉన్నవారికి ఆ భేదం ముఖ్యం కాదు. ఈ గుణకారం చేసినవారు పొట్లమంతా ఒకేసారి వేయడం మానేస్తారు. సగం పొట్లంతో మొదలుపెట్టి, రుచి చూసి పెంచుకోవడమే మంచిది.

ఇంట్లో చేసుకునే పొడికి ఉన్న అసలు లాభం కూడా ఉప్పు మన చేతిలో ఉండడమే. అరకప్పు మజ్జిగ పొడికి ఒక టేబుల్ స్పూను ఎండు పార్స్‌లీ, రెండు చెంచాల ఎండు డిల్, రెండేసి చెంచాల వెల్లుల్లి పొడి, ఉల్లి పొడి, ఒక చెంచా మిరియాల పొడి, చెంచాన్నర ఉప్పు కలిపితే దాదాపు నాలుగు పొట్లాలకు సరిపడా వస్తుంది. ఇందులో జిగురు పదార్థాలు లేవు గనుక దీనితో చేసే డ్రెస్సింగ్ పల్చగా ఉంటుంది. పాలు కొంత తగ్గించి మయొనీజ్ పెంచితే సరి. హైదరాబాదులోనో విజయవాడలోనో చేయదలచినవారికి మజ్జిగ పొడి వెంటనే దొరక్కపోతే పాలపొడికి పావు చెంచా నిమ్మ ఉప్పు చేర్చుకోవచ్చు. లాక్టిక్ ఆమ్లపు మృదువైన పులుపు రాదుగాని పని నడుస్తుంది. డిల్‌కు పరాయి దేశం పోనక్కర్లేదు. పప్పులో వేసుకునే సోయకూర ఆ జాతిదే. మన రకానికి ఘాటు కాస్త ఎక్కువ కాబట్టి నీడన ఆరబెట్టి నలిపాక రెండు చెంచాలకు బదులు ఒకటిన్నర వేస్తే చాలు. ఎండలో ఆరబెడితే రంగూ వాసనా రెండూ పోతాయి.

కొన్నదైనా చేసినదైనా ఈ పొడికి తేమ పడదు. మాల్టోడెక్స్‌ట్రిన్, పాల చక్కెర రెండూ గాలిలోని తడిని లాగేస్తాయి. కోస్తా జిల్లాల్లో వానాకాలం మూత వదులైన డబ్బాలో ఉంచితే కొద్ది రోజుల్లోనే గడ్డకడుతుంది. ఆవిరి లేస్తున్న గిన్నె మీద డబ్బాను నేరుగా వంచి చల్లడం వల్ల కూడా అదే జరుగుతుంది. కావలసినంత పొడిని ముందు ఒక తడి లేని గిన్నెలోకి తీసుకుని, డబ్బా మూత బిగించి పక్కన పెట్టాకే పొయ్యి దగ్గరకు వెళ్లాలి.